తవ్విన మన్ను యాడ వోయింది?

ఆటల తయారీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో, మట్టి తవ్వుకుంటూ పోయే పాతకాలపు ఆర్కేడ్ ఆటల గురించి రాశాను. నల్లగొండలో మా ఇంటి మీది గదిలో కూర్చొని అలాంటి ఆటొకటి నేనూ తయారు చేస్తున్నానని చెప్పి, దాని బొమ్మ కూడా అచ్చు వేశాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఈ ఒక్క విషయం మీదే ఉన్నాయి. మన జిల్లాల్లో ఇంతమంది ఆటలు తయారు చేస్తున్నారని నాకు తెలియదు. చదువుతుంటే కడుపు నిండింది. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఆటల తయారీకి వాడే గోడో ఇంజిన్‌లో మట్టి తవ్వే ఆట చేశాను. పది లెవల్స్ ఉన్నాయి. వాట్సాప్‌లో ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే ముప్పై మంది ‘సూపర్ రా’, ‘కిరాక్’ అన్నారు. వారం తర్వాత అడిగితే ఒక్కడూ మూడో లెవల్ దాటలేదు. లోపం ఏంటో ఎవరూ చెప్పడం లేదు. నిజమైన అభిప్రాయం ఎట్లా రాబట్టాలి?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: మీ ఫ్రెండ్స్ అబద్ధం చెప్పలేదు. వాళ్లకు మీరంటే ఇష్టం, ఆ మాటే చెప్పారు. భోజనానికి పిలిచిన ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని మనం చెప్పం కదా. ‘ఆట ఎట్లా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ తప్ప ఇంకో జవాబు రాదు. కాబట్టి ఆ ప్రశ్నే అడగకండి. ఫోన్ చేతికిచ్చి పక్కన కూర్చోండి. మాట్లాడకండి.

మాట్లాడకుండా ఉండటం చాలా కష్టం. మొదటిసారి మా మేనల్లుడికి ఫోన్ ఇచ్చినప్పుడు, వాడు రెండో నిమిషంలోనే ఒక మూలన ఇరుక్కున్నాడు. ‘పైకి కూడా తవ్వొచ్చురా’ అనేశాను. వాడు పైకి తవ్వి బయటపడ్డాడు, హాయిగా ఆడుకున్నాడు. పైకి తవ్వొచ్చన్న సంగతి నా ఆట వాడికి చెప్పలేకపోయిందని నాకు చాలా రోజుల తర్వాత గానీ తట్టలేదు. ఎక్కడో వికారాబాద్‌లో ఆట దించుకునే మనిషి పక్కన నేను కూర్చొని ఉండను కదా. ఆ రోజు నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఆడేవాళ్ల బొటనవేలు చూస్తాను. అది ఎక్కడ ఆగింది, ఏ బటన్‌ను రెండుమూడు సార్లు నొక్కింది, ఫోన్ ఎప్పుడు కింద పెట్టారు – ఇవి రాసుకుంటాను. ఆట అయ్యాక ఒక్కటే అడుగుతాను: ‘ఈ ఆట ఎట్లా ఆడాలో మీ తమ్ముడికి చెప్పాలంటే ఏం చెప్తావు?’ ఆ జవాబులో వాళ్లకు ఏది అర్థమైందో, ఏది కాలేదో మొత్తం బయటపడుతుంది. రాయి మీద పడితే చస్తామని చెప్తారు, అదే రాయిని తరుముకొచ్చేవాళ్ల మీద పడేయొచ్చన్న మాట మాత్రం ఎత్తరు. అంటే ఆ సంగతి వాళ్లకు చేరలేదన్నమాట.

ఎవరిని కూర్చోబెడతామన్నది ఇంకా ముఖ్యం. నాకు దొరికిన అన్నిటికంటే మంచి ఫీడ్‌బ్యాక్, జీవితంలో వీడియో గేమ్ ముట్టని మనిషి దగ్గర్నుంచి వచ్చింది. మా గల్లీ చివర ఒక తాత ఉంటాడు. డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు పానగల్లు చుట్టుపక్కల బావులు తవ్వాడు. తర్వాత ఒక పాలమూరు గుంపు మేస్త్రీ వెంట ఊళ్లు తిరిగి కాలువల పని చేసి వచ్చాడు. ఒకరోజు సాయంత్రం అరుగు మీద కూర్చొని నేను ఆటను సరిచూసుకుంటుంటే, పక్కన చేరి చాలాసేపు చూశాడు. చివరకు అడిగాడు:

‘‘అంత మంచిగనే ఉన్నది గానీ బిడ్డా, తవ్విన మన్ను యాడ వోయింది?’’

నా దగ్గర జవాబు లేదు. 1982లో జపాన్‌కు చెందిన నామ్కో కంపెనీ ‘డిగ్ డగ్’ తెచ్చింది. అందులో మనిషి తవ్వుకుంటూ పోతుంటే మట్టి అట్లాగే మాయమవుతుంది. ఆ తర్వాత వచ్చిన ఇలాంటి ఆటల్లో చాలావాటిది అదే పద్ధతి. చిన్నప్పుడు టీవీకి తగిలించే క్యాసెట్లలో అవి ఆడి పెరిగాను. మన్ను ఏమైందన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. తాతకు మాత్రం అన్నిటికంటే ముందు కనబడింది అదే. బావి పని అంటే ఆయన దృష్టిలో తవ్వడం తక్కువ, తట్టలెత్తడం ఎక్కువ. లోపల ఇద్దరు గడ్డపారలు పట్టుకుంటే మన్ను పైకి చేరవేయడానికి ఆరుగురు కావాలని చెప్పాడు.

ఆ రాత్రే ఆటలో తట్ట పెట్టాను. ఆటలో నేలంతా చదరపు గళ్లే. ఇరవై గళ్లు తవ్వితే తట్ట నిండుతుంది, పైకి పోయి పారబోసి రావాలి. ఎంతో ఉత్సాహంగా చేశాను. ఆడినవాళ్లందరికీ విసుగొచ్చింది. మేనల్లుడు నాలుగో నిమిషంలో ఫోన్ పక్కన పెట్టి నీళ్లు తాగడానికి లేచాడు, మళ్లీ రాలేదు. తాత చెప్పింది తప్పా అని రెండు రోజులు ఆలోచించాను. తాత అడిగింది ప్రశ్న మాత్రమే. మందు నేను వేశాను, ఆ మందు పనిచేయలేదు. తర్వాత ఇంకో రకంగా ప్రయత్నించాను. తట్టలోని మన్నును ఒక బటన్‌తో మన వెనక గడిలో పోయొచ్చు. అప్పుడు సొరంగం మూసుకుపోయి, తరుముకొచ్చే తేళ్లు ఆగిపోతాయి. తట్ట నిండటం ఇప్పుడు బరువు కాదు, చేతిలో ఉన్న అండ. ఇవాళ నా ఆటను పిల్లలు ‘మన్ను పోసే ఆట’ అంటున్నారు.

ఇంకో రోజు తాతే మరో మాట చెప్పాడు. డిగ్ డగ్‌లో రాయి కింద తవ్వితే అది కాసేపు ఊగి పడుతుంది. నేనూ అట్లాగే ఊగేలా చేశాను. ‘‘బండ ఊగది. ముందుగాల సన్న మన్ను రాలుతది. గది జూసి ఉరకాలె’’ అన్నాడు. ఊగడం తీసేసి, రాయి కింది అంచు నుంచి నాలుగైదు మట్టి చుక్కలు రాలేలా గీశాను. ఫోన్‌లో ఒక పిక్సెల్ (తెర మీది చిన్న చుక్క) అటూ ఇటూ ఊగడం ఎండలో ఎవరికీ కనబడేది కాదు. సౌండ్ ఆపేసి ఆడేవాళ్లకు గరగర చప్పుడూ వినబడేది కాదు. రాలే మట్టి మాత్రం కనబడుతుంది, పైగా రాయి ఏ వరసలో పడుతుందో కూడా చూపిస్తుంది. నలభై ఏళ్ల కిందటి ఆటను చూసి రాసిన దాన్ని, బావిలో దిగిన మనిషి ఒక్క మాటతో సరిచేశాడు.

ఇక మీ మూడో లెవల్ సంగతి. డిగ్ డగ్ లాంటి పాత ఆర్కేడ్ ఆటల స్క్రీన్ కొలత 224 బై 288 పిక్సెల్స్. ఒక్కో గడి 16 పిక్సెల్స్ అనుకుంటే అడ్డం 14, నిలువు 18, మొత్తం 252 గళ్లు. ప్రతి గడికీ ఒక లెక్క పెట్టండి. ఆడేవాడు ఏ గడిలో చచ్చాడో, ఏ గడిలో ఉండగా ఆట మూసేశాడో ఆ లెక్కలో ఒకటి కలపండి. పదిమంది ఆడాక ఆ గళ్లకు రంగు వేసి చూడండి. మూడో లెవల్‌లో ఎక్కడ జనం ఆగిపోతున్నారో, ఎవరినీ అడగకుండానే తెలిసిపోతుంది.

ఇంకొక్క మాట. ముప్పై మందికీ ఒకేసారి ఇవ్వడం పొరపాటు. ఒక మనిషి మీ ఆటకు కొత్తవాడిగా ఉండేది ఒక్కసారే. వెబ్‌సైట్లను జనంతో పరీక్షించడం గురించి జేకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ఒకటుంది. ఐదుగురిని కూర్చోబెట్టి చూస్తే వాడకంలోని ఇబ్బందుల్లో 85 శాతం దాకా కనబడతాయని, ఆ తర్వాత చూసేవాళ్లు చాలావరకు అవే మళ్లీ చూపిస్తారని. ఆటకు అదే శాతం వర్తిస్తుందని నేననను గానీ పద్ధతి మాత్రం మంచిది. ఐదుగురికి చూపించండి, సరిచేయండి, ఇంకో కొత్త ఐదుగురిని వెతకండి. వాళ్లలో కనీసం ఒకరు మీ అమ్మమ్మ వయసువాళ్లు ఉండాలి.

ప్రశ్న: నాకు మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఖాళీ టైమ్‌లో ఆట రాస్తున్నాను. ఆడిన ప్రతి ఒక్కరూ ‘కంట్రోల్ సరిగా లేదు’ అంటున్నారు. మలుపు దగ్గర మనిషి తిరగకుండా ముందుకు పోతాడు. కోడ్ మూడుసార్లు చూశాను, తప్పు దొరకలేదు.
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ కోడ్‌లో తప్పు ఉండకపోవచ్చు. అది మనిషి వేలి మీద పెట్టుకున్న నమ్మకం ఎక్కువైంది. సెకనుకు 60 ఫ్రేమ్స్ (తెర మీద వరసగా మారే బొమ్మలు) అంటే ఒక ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లు. మీ మనిషి ఫ్రేమ్‌కు ఒక పిక్సెల్ చొప్పున నడుస్తూ, గడి 16 పిక్సెల్స్ ఉంటే, సరిగ్గా మలుపు గీత మీద ఉండేది పదహారు ఫ్రేమ్స్‌లో ఒక్క ఫ్రేమ్ మాత్రమే. ఆ ఒక్క ఫ్రేమ్‌లో పైకి బటన్ నొక్కితేనే తిరుగుతానంటే ఎవరి వల్లా కాదు.

రెండు పనులు చేయండి. బటన్ ముందుగా నొక్కితే దాన్ని ఒక 8 ఫ్రేమ్స్, అంటే సెకనులో ఎనిమిదో వంతు కంటే కొంచెం ఎక్కువసేపు, గుర్తు పెట్టుకొని గీత రాగానే తిప్పండి. గీత దాటి రెండు మూడు పిక్సెల్స్ పోయాక నొక్కినా మెల్లగా వెనక్కి లాగి తిప్పండి. ఆడేవాడికి ఇది తెలియనే తెలియదు, తన వేలు బాగా పనిచేస్తోందని అనుకుంటాడు. 1980 నాటి ‘ప్యాక్‌మ్యాన్’లోనే మలుపు రాకముందే బటన్ నొక్కిపెడితే మూల కోసుకుంటూ తిరిగే వీలుంది. బాగా ఆడేవాళ్లు దాంతోనే భూతాల నుంచి తప్పించుకునేవాళ్లు.

మీ షాపుకు రకరకాల ఫోన్లు వస్తాయి, అది మీకు పెద్ద అదృష్టం. 1080 పిక్సెల్స్ వెడల్పు ఉన్న ఫోన్ ఒకటి తీసుకోండి. పాత ఆర్కేడ్ స్క్రీన్ అడ్డం కొలత 224ను నాలుగు రెట్లు చేస్తే 896, పట్టేస్తుంది. ఐదు రెట్లు చేస్తే 1120, పట్టదు. నాలుగు దగ్గరే ఆపండి. అంచులు నిండాలని దాదాపు 4.8 రెట్లు సాగదీస్తే కొన్ని పిక్సెల్స్ లావుగా, కొన్ని సన్నగా వచ్చి బొమ్మ పాడవుతుంది. నిలువు 288కి నాలుగు రెట్లు 1152. 2400 పొడవు ఫోన్‌లో కింద సగం కంటే ఎక్కువ ఖాళీ మిగులుతుంది. బటన్లు అక్కడ పెట్టండి. బొటనవేలు ఆట మీదికి రాకూడదు. ‘కంట్రోల్ సరిగా లేదు’ అన్నవాళ్లలో కొందరికి అసలు ఇబ్బంది, తమ వేలి కింద ఏముందో కనబడకపోవడమే.

ప్రశ్న: ప్లే స్టోర్‌లో ఆట పెట్టాలంటే ముందు పన్నెండు మంది టెస్టర్లు కావాలంటున్నారు. చుట్టాల మెయిల్ ఐడీలు పెట్టేస్తే సరిపోదా?
– పాఠకుడు, సూర్యాపేట

జవాబు: 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు ఈ నియమం ఉంది. కనీసం 12 మంది వరసగా 14 రోజులు, పిలిచినవాళ్లే ఆడి చూసే క్లోజ్డ్ టెస్ట్‌లో చేరి ఉండాలి. మొదట్లో 20 మంది అనేవాళ్లు, తర్వాత తగ్గించారు. ఖాతా తెరవడానికి ఒకసారి 25 డాలర్లు కట్టాలి. పద్నాలుగు రోజులు అయ్యాక అసలు విడుదలకు అడిగేటప్పుడు, టెస్టర్లు ఏం చెప్పారు, మీరేం మార్చారు అని గూగుల్ అడుగుతుంది. ఆట తెరవని చుట్టాల పేర్లు పెడితే అక్కడ రాయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఆ పద్నాలుగు రోజులను మంచిగా వాడుకోండి. నేను నాలుగు రోజులకోసారి ఒక చిన్న మార్పు చేసి, ‘నిన్న రెండో లెవల్‌లో నీళ్ల ఊట పెట్టాను, చూశారా?’ అని ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టాను. గ్రూపులో పెడితే ఎవరూ జవాబివ్వరు. ఒకరితో ఒకరుగా అడిగితే రాస్తారు. ఒకామె వాయిస్ మెసేజ్‌లో మూడు నిమిషాలు మాట్లాడింది. అందులో దొరికిన లోపాలు సరిచేయడానికి నాకు వారం పట్టింది.

టెస్టర్లలో పిల్లలు ఉంటే జాగ్రత్త. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పేరు, ఫోన్ నంబరు ఆటలో అడగకండి. ఏ లెవల్, ఏ గడి అన్నది తెలిస్తే మనకు చాలు.

ప్రశ్న: పాత ఆట పేరే పెట్టి, అవే బొమ్మలతో తెలుగులో విడుదల చేస్తే ఏమవుతుంది?
– పాఠకుడు, వనపర్తి

జవాబు: చేయకండి. మట్టి తవ్వడమనే ఆలోచన ఎవరి సొత్తూ కాదు. పేరు, బొమ్మలు, సంగీతం మాత్రం వాటి యజమానులవి. 2012లో అమెరికాలో ‘టెట్రిస్’ యజమానులు ఒక నకలు ఆట మీద వేసిన కేసులో కోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. ఆట నియమాలు వాడుకోవచ్చు గానీ, చూడగానే అదే అనిపించేలా రూపాన్ని దించేయకూడదన్నది అందులో తేలిన విషయం. అయినా మనకు గడ్డపార ఉంది, తట్ట ఉంది, మోటబావి ఉంది. అరువు బొమ్మలెందుకు?

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్‌లో సొరంగం తవ్వే ఆట చేశారు. బండ మీద పడి మనిషి చచ్చినప్పుడల్లా క్లాసంతా నవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలింది మాకు దగ్గరే. ఆ రోజులు నాకు ఇంకా కళ్లముందే ఉన్నాయి. ఈ ఆట ఆపించాలా?
– ఉపాధ్యాయురాలు, అచ్చంపేట

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను మేడమ్. ఆపించవద్దని నా మనవి. పిల్లల నవ్వును కూడా తప్పు పట్టకండి. మనిషి అప్పడంలా పలచబడిపోయేలా బొమ్మ గీస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పాత ఆటల్లో రాయి కింద నలగడం అట్లాగే ఉండేది, పిల్లలు అదే చూసి నేర్చుకున్నారు. మార్చాల్సింది రాయి పడ్డాక ఏం జరుగుతుందన్న భాగం.

మనిషి చావకుండా లోపల చిక్కుకుపోయేలా చేయమనండి. రెండో ఆటగాడు పైనుంచి తవ్వుకుంటూ వచ్చి అతన్ని బయటకు తేవాలి. పక్క నుంచి తవ్వితే మట్టి జారుతుంది, మధ్యలో ఊటనీరు అడ్డం వస్తుంది, బురద తోడాలి. ఎస్‌ఎల్‌బీసీలో సొరంగం నోటికి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, వెతకడానికి వెళ్లినవాళ్లకు రోజుల తరబడి అడ్డం పడింది బురద, నీళ్లే. ఆ ప్రమాదం పేరు, చోటు మాత్రం ఆటలో పెట్టనివ్వకండి. అది ఎనిమిది కుటుంబాల దుఃఖం. లోపలున్న మనిషి కోసం తవ్వడం ఎంత కష్టమో పిల్లల వేళ్లకు తెలిస్తే చాలు.

ఇంకో పని చేయగలరా? ఆ ఆటను ఇంట్లో చూపించమని పిల్లలతో చెప్పండి. పాలమూరు పల్లెల్లో తాతనో, మేనమామనో ఎవరో ఒకరు మన్ను పనికి వలస పోయి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లు ఏమన్నారో పిల్లలనే రాసుకురమ్మనండి. మా గల్లీ తాత చెప్పిన రెండు మాటలకే నా ఆట సగం మారింది. మీ క్లాసులో అలాంటి తాతలు ఎంతమంది ఉన్నారో ఊహించుకుంటుంటేనే నాకు ఈర్ష్యగా ఉంది.

ప్రశ్న: నా ఆట పిల్లలకు మరీ ఈజీ అట, మా అమ్మకు మరీ కష్టమట. ఎవరి మాట వినాలి?
– పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ఈజీ అన్న పిల్లలు ఎంతసేపు ఆడారో చూశారా? ముప్పావు గంట ఆడి ‘ఈజీ’ అంటే అది ఫిర్యాదు కాదు. అమ్మ ఎన్నో నిమిషంలో ఆపేసిందో అది ముందు చూడండి.

అమ్మకొక ఆట, పిల్లలకొక ఆట చేయనక్కర్లేదు. డిగ్ డగ్‌లో నేల నాలుగు పొరలుగా ఉంటుంది. ఎంత లోతున శత్రువును కొడితే అన్ని ఎక్కువ పాయింట్లు. భయం ఉన్నవాళ్లు పైపొరల్లోనే తిరుగుతారు, ధైర్యం ఉన్నవాళ్లు కిందికి దిగుతారు. కష్టం ఎంత కావాలో ఆడేవాళ్లే ఎంచుకుంటారు. నాకు అందులో చాలా ఇష్టమైన సంగతి ఇంకోటుంది: మనిషి నడిచినప్పుడే సంగీతం వస్తుంది, ఆగితే ఆగిపోతుంది. అమ్మలాంటి కొత్తవాళ్లకు అది ఎంత ధైర్యమో. నేను కదిలితేనే ఆట కదులుతుంది అనిపిస్తుంది. నిజానికి శత్రువులు ఆగరు, అయినా టెన్షన్ తగ్గుతుంది. మొదటి లెవల్‌లో తరిమేవాళ్ల వేగం కొంచెం తగ్గించి అమ్మకు మళ్లీ ఇచ్చి చూడండి. ఈసారి సలహా చెప్పకుండా కూర్చోండి.

ప్రశ్న: నేను బోరు బండి మీద పదేళ్లుగా పని చేస్తున్న. మీరు పోయిన నెల వేసిన బొమ్మల పైన నల్లమన్ను, దాని కింద ఎర్రమన్ను, కింద బండ ఉన్నది. మా మునుగోడు దిక్కు అట్ల ఉండదు. నీళ్లు పడంగనే ఆట గెలిచినట్టు చూపించిండ్రు. అది కూడ తప్పే.
– పాఠకుడు, చండూరు

జవాబు: అన్నా, ఇది ప్రశ్న కాదు, నాకు దొరికిన ఫీడ్‌బ్యాక్. మీరు చెప్పింది నిజం. రంగులు విడివిడిగా కనబడాలని నలుపు పైన పెట్టాను, మన నేలను చూసి పెట్టలేదు. మీ ఉత్తరం చదివి మొత్తం మార్చాను. ఇప్పుడు పైన ఎర్ర చెల్క, దాని కింద మొరం, తర్వాత గడ్డపారకు పెళ్లలుగా ఊడే మెత్తరాయి, అడుగున గట్టి బండ. చెల్కలో ఒక్క దెబ్బకు గడి పోతుంది, మొరంలో రెండు దెబ్బలు, మెత్తరాయిలో నాలుగు. బండను తవ్వలేం, పగులు ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి. పైన వదులు మన్ను ఉన్నంతవరకు అది కూలకుండా మీరు కేసింగ్ పైపు దింపుతారు కదా. అట్లాగే ఆటలో కూడా చెల్కలో తవ్విన సొరంగం కాసేపటికి కూలేలా చేశాను, కర్రల ఆసరా పెడితేనే నిలుస్తుంది. ఇదంతా మీ ఉత్తరం పుణ్యం.

నీళ్ల మాట మాత్రం నన్ను చాలా ఆలోచనలో పడేసింది. మర్రిగూడ దిక్కున పుట్టి పెరిగినవాళ్లకు, బోరులో పడ్డ నీళ్లే ఎముకలను వంచేశాయి. మన గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ కరిగి భూగర్భ జలంలో కలుస్తుంది. నల్లగొండలో ఉంటూ, నీళ్లు పడగానే చప్పట్లు వినిపించే ఆట చేశాను. ఇప్పుడు ఆ చప్పట్లు తీసేశాను. నీళ్లు పడ్డాక ఒక సీసాలో పట్టి పైకి తెచ్చి పరీక్ష చేయించాలి. మంచివైతేనే లెవల్ పూర్తవుతుంది, కాకపోతే ఇంకో చోట తవ్వాలి. ఇది ఆడేవాళ్లకు విసుగు తెప్పిస్తుందేమో ఇంకా చూడాలి. వచ్చే వారం ఐదుగురు కొత్తవాళ్లను కూర్చోబెడుతున్నాను.

గ్యాప్ (బండలో నీళ్లుండే పగులు) తగలగానే రాడ్ చప్పుడు మారుతుందని, పొడి దుమ్ము ఆగి తడి మన్ను వస్తుందని ఉత్తరం చివర రాశారు. ఆ చప్పుడు నా ఆటలో లేదు. వచ్చేసారి పాయింట్ మీద బండి నిలబెట్టినప్పుడు మీ ఫోన్‌లో ఒక్క నిమిషం రికార్డు చేసి పత్రిక చిరునామాకు పంపగలరా? ముందు గట్టి బండ మీద ఆడేటప్పుడు కొంచెం, తర్వాత గ్యాప్ తగిలినప్పుడు కొంచెం. రెండూ కావాలి.